గోడలోని గాలి
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ సభలో మాట్లాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేనేదో శాసనములను గూర్చియో, ప్రబంధములను గూర్చియో ప్రసంగింతునని వారు తలచియుందురు. బి.ఏ.లో చరిత్ర చదివిన వానినుండి అంతకంటె ఎవ్వరేమి ఆశింతురు? నేను గోడను గూర్చి మాట్లాడుదునని చెప్పగా, “ఏ గోడ? చైనా గోడయా?” అని వారు ప్రశ్నించిరి. కాదు, సూరతు నగరములో వరాఛా అను పేటలో మా బావగారు కట్టించుకొనుచున్న మేడగది గోడ అని మనవి చేసితిని. వారు కొంచెముసేపు మౌనము వహించి, “అరగంటకు మించకుండ చూడుడు” అని అనుమతి నిచ్చిరి.

నేను ఇంజనీరును కాను. కట్టడముల అంచనాల ఫైళ్ళపై ఎన్నియో నోట్లు వ్రాసితిని గాని, తాపీ చేత పట్టి యెరుగను. సూరతు నగరము తాపీ నదీతీరమున నున్నదన్న సంగతి మాత్రము చదివియుంటిని. అక్కడ “తాపీ” యన్న నది; మనకు మేస్త్రీ చేతి పనిముట్టు. ఈ రెండు తాపీల నడుమ నేను మూడు పర్యాయములు సెలవు పెట్టి గడపిన దినములలో కన్నదియు విన్నదియు మీకు చెప్పుదును. తప్పులున్న, ఈ సభలోనున్న ఇంజనీరు మిత్రులు దిద్దవలెను.

సూరతు అనగానే జరీ, పట్టు, వజ్రములు, జహంగీరు ఫర్మానాతో 1613లో ఆంగ్లేయులు నెలకొల్పిన కోఠీ జ్ఞప్తికి వచ్చును. అంతకు రెండేండ్లు ముందుగా, 1611లోనే, వారు మన మచిలీపట్టణమున వర్తకస్థానము పెట్టిరి. ఈ మాట నేను సూరతులో చెప్పినప్పుడెల్ల వినినవారు మర్యాదగా నవ్వి యూరకుందురు. నగరమునకు తూర్పు వైపున వరాఛా యున్నది. భావనగరు, అమ్రేలీ మొదలగు సౌరాష్ట్ర ప్రాంతములనుండి వచ్చినవారు అక్కడ వజ్రములకు సానపట్టు పరిశ్రమను పెంచిరి. మన తెలుగువారు, ముఖ్యముగా తెలంగాణమునుండి వెళ్ళిన నేతపనివారు, ఎక్కువగా లింబాయతు మొదలైన పేటలలో నివసింతురు. అక్కడి నగరపాలక పాఠశాలలలో తెలుగు మాధ్యమము కూడ కలదని చెప్పిన, మనలో చాలమంది ఆశ్చర్యపడుదురు.

మా అక్కయ్య నాకంటె పండ్రెండేండ్లు పెద్దది. పాలమూరు జిల్లాలోని మా యూరినుండి పెండ్లియై సూరతు చేరినది. బావగారు మొదట మరమగ్గముపై పనిచేసి, పిదప కుట్టుపని యంత్రములను బాగుచేయుట నేర్చుకొని, ఇప్పుడు సొంతముగా ఆ పనియే చేయించుచున్నారు. 1994 సెప్టెంబరులో సూరతున ప్లేగు వ్యాపించినప్పుడు లక్షలాది జనము నగరము విడిచిరి గదా. వారిలో వీరును ఉండిరి. ముఖమునకు గుడ్డ కట్టుకొని వారు మా యింటి వాకిట దిగిన దృశ్యము, అప్పటికి బడిపిల్లవాడనైన నా కన్నులయెదుట నేటికిని నిలిచియున్నది. మరుసటి యేడు శ్రీ ఎస్.ఆర్. రావు గారు నగరపాలక కమిషనరుగా వచ్చి ఆ నగరమును శుభ్రపరచిన వృత్తాంతము మీలో పెక్కుమందికి తెలిసినదే. 2006 ఆగస్టులో తాపీ వరద వచ్చినప్పుడు వారు వేరొక పేటలో అద్దెకుండిరి. నీరు నడుము లోతున నిలిచినదట. ఆ తరువాతనే ఎత్తైనచోట స్థలము వెదకి, వరాఛాలో ఒక పాత యిల్లు కొనిరి.

ఇల్లు కొనిరి గాని అక్కయ్యకు ఉబ్బసము వచ్చినది. మగ్గముల దూది ధూళి చిన్ననాటినుండి పీల్చినది చాలక, వరాఛా రోడ్డు ధూళియు, మెట్రో పనుల ధూళియు చేరినవి. రాత్రులందు దగ్గు, తెల్లవారుజామున కూర్చుండి నిదురించుట. అందుచేత మా మేనల్లుడు, సివిల్ ఇంజనీరింగు డిప్లొమా చదివినవాడు, ఒక యుపాయము పన్నినాడు. పాత యింటిపైన ఒక అంతస్తు లేపి, దాని గోడలను గాలి చొరకుండ బిగించి, లోపలికి వచ్చు గాలిని వడపోసి పంపిన, తల్లికి ఊపిరి సుకరమగునని అతని ఆలోచన. “మామా, ధూళి సందులలోనుంచి వస్తది. సందే లేకపోతే ధూళి యేడికెళ్ళి వస్తది?” అని అతడు నాతో ఫోనులో అనెను. తర్కము నాకు నచ్చినది. ఫైలు నాయెదుటికి వచ్చియున్న, ఆమోదించి సంతకము పెట్టియుందును.

పాత పునాదులు ఇటుకగోడల బరువును మోయజాలవని అక్కడి ఇంజనీరుగారు చెప్పిరి. తొమ్మిదంగుళముల ఇటుకగోడ చదరపు మీటరునకు నాలుగువందల కిలోలకు పైబడి తూగును. ఉక్కు చట్రమునకు పలకలు బిగించి కట్టు గోడ ఏబది కిలోలకు అటునిటుగా నుండును. కావున పై అంతస్తునకు చట్రపు గోడలే నిశ్చయమైనవి.

నేను మొదటి పర్యాయము వెళ్ళునప్పటికి చట్రము నిలబడియుండెను. జస్తా పూసిన పలుచని ఉక్కురేకును వంచి చేసిన పట్టీలు నేలపై నొకటి, కప్పుక్రింద నొకటి. వాని నడుమ రెండడుగుల కొకటిగా నిలువు కమ్ములు. కిటికీ వచ్చు చోట జంటకమ్ములు, పైన అడ్డకమ్మి. చూచుటకు పక్షిపంజరమువలె నుండెను. అక్కయ్య దానిని చూచి, “తమ్మీ, ఇది మన కొట్టపు తడక తీరుగనే ఉన్నది గదా” అనెను. ఆమె మాట నిజము. మన పల్లెలలో గుంజలు పాతి, వెదురు దబ్బలల్లి, ఎండుగడ్డి కలిపిన మంటిని రెండువైపుల మెత్తి, పేడతో అలికిన తడకగోడ యిదియే. గుంజకు మారు ఉక్కు, మంటికి మారు పలక, పేడకు మారు టేపు. విదేశపు విద్యయని మనము భయపడనక్కరలేదు. అయితే ఒక భేదము కలదు. తడకగోడ ఎండిన కొలది పగులును. పగిలినచోట గృహిణి పండుగ పండుగకు మరల అలుకును. ఈ గోడను ఒకసారి మూసిన పిదప లోపల నేమి జరుగుచున్నదో ఎవ్వరికిని కనబడదు. కనుకనే మూయకముందే అన్నియు సరిచూడవలెను.

ఇక మూయుట. మిత్రులారా, ఇంటి గాలి పెద్ద కన్నములగుండ పోదు. అవి కంటబడును, వానిని మూయుదుము. చిన్న సందులే దొంగలు. ఒక తలుపును తీసికొనుడు. చుట్టుకొలత ఆరు మీటర్లు అనుకొందము. చుట్టును రెండు మిల్లీమీటర్ల సందున్నదని అనుకొందము. వేలిగోరు కూడ దూరని సందు! దానినంతను ఒకచోటికి చేర్చిన, నూట ఇరువది చదరపు సెంటీమీటర్ల కన్నమగును. అనగా తలుపులో అరచేతి వెడల్పున ఒక రంధ్రము తొలిచినట్లే. నేను దీనిని లెక్కకట్టి మా క్వార్టరు తలుపును చూచినప్పుడు మిక్కిలి సిగ్గుపడితిని.

మేనల్లుడు ఈ సందుల జాబితా నొకదానిని గోడపై పెన్సిలుతో వ్రాసియుంచెను. నేలపట్టీ క్రింద సిమెంటు గచ్చు సమముగా నుండదు. అందుచేత పట్టీ బిగింపకముందే దాని క్రింద మెత్తని రబ్బరు పట్టీ పరవవలెను. తరువాత సిలికోను పూసి లాభము లేదు, లోపలికి చేరదు. పలకల అతుకులపై టేపు అంటించుటకు ముందు ధూళిని తడిగుడ్డతో తుడువవలెను. ధూళిపై అంటించిన టేపు వేసవిలో తానే రాలును. విద్యుత్తు తీగలు పోవు గొట్టములను అందరును మరతురు. గొట్టము చుట్టును మూయుదురు గాని గొట్టము లోపల గాలి పోవునని తలపరు. స్విచ్చుబోర్డు మూత తీసి చేయి పెట్టిన, గోడలోనుండి వెచ్చని గాలి తగులును. ఇటుక గోడలలోను ఈ జబ్బే కలదు. గోడకు గాలిని ఆపునది ఇటుక కాదు, పైన పూసిన గిలాబు. స్విచ్చుబోర్డు వెనుకను, ఫాల్స్ సీలింగు పైనను మేస్త్రీ గిలాబు చేయడు. కంటికి కనబడదు గదా! అక్కడనే గాలి దూరును. కిటికీ చట్రమునకును గోడకును నడుమ సందులో మొదట నురుగు త్రాడు దూర్చి, దానిపైన సిలికోను పట్టింపవలెను. త్రాడు లేకుండ సందునంతను సిలికోనుతో నింపినచో, ఎండకు కమ్ములు సాగినప్పుడు అది యొకవైపున ఊడివచ్చును.

ఇట్లు బిగించిన పిదప పరీక్షయెట్లు? పాశ్చాత్య దేశములలో తలుపునకు పెద్ద ఫ్యాను బిగించి, ఇంటిలోని గాలిని లాగి, లోపలికిని బయటికిని ఏబది పాస్కలుల ఒత్తిడి భేదము కల్పింతురు. ఆ స్థితిలో ఇంటి గాలియంతయు గంటకు ఎన్నిసార్లు మారునో కొలుతురు. జర్మనీలో డార్మ్‌స్టాటు నగరమున 1991లో వసతికి సిద్ధమైన మొదటి “పాసివ్ హౌస్”తో వ్యాప్తికి వచ్చిన పద్ధతిలో ఈ సంఖ్య 0.6 మించరాదు. వరాఛాలో అట్టి యంత్రము దొరకలేదు. మేనల్లుడు కిటికీలు మూసి, స్నానపు గదిలోని ఎగ్జాస్టు ఫ్యానును ఆడించి, చేత వెలిగించిన అగరవత్తి పట్టుకొని గోడలవెంబడి నెమ్మదిగా నడచెను. సందున్న చోట పొగ వణకి లోపలికి వంగును. ఇరువదిమూడు చోట్ల వంగినది. నేను వెనుకనుండి సుద్దముక్కతో గుర్తులు పెట్టితిని. అక్కయ్య ఆ దృశ్యమును చూచి, ఇల్లంతయు హారతి పట్టుచున్నారని చేతులు జోడించినది!

ఇప్పుడొక చిక్కు సంగతి. ఇది నాకు మిక్కిలి రుచించినది గనుక కొంచెము విస్తరించి చెప్పుదును. గోడలో గాలిని, ఆవిరిని ఆపు పలుచని పొర యొకటి వేయుదురు. దానిని చట్రమునకు లోపలివైపున వేయవలెనా, వెలుపలి వైపుననా? మేనల్లుడు కెనడావారి సూచనలు చదివి, లోపలివైపుననే వేసెను. ఉత్తరపు గోడ పూర్తియైనది కూడ. ఇంజనీరుగారు వచ్చి చూచి, “ఇది రెజైనా నగరము కాదు, సూరతు” అని ఆ గోడను విప్పించిరి. కెనడాలోని ఆ రెజైనాలో 1977లోనే, అత్యల్పముగా గాలి చొచ్చునట్లు, బయటికి పోవు గాలిలోని వేడిమిని లోపలికి వచ్చు గాలికి అందించునట్లు ఒక యింటిని కట్టిరి. అక్కడ చలికాలమున బయట సున్నకు ముప్పది డిగ్రీలు క్రింద. ఇంటిలోని వెచ్చని గాలిలో వంటయావిరి, ఊపిరియావిరి ఉండును. అది గోడలోనికి చొచ్చి చల్లని పలకను తాకినచో నీరగును. కనుక అక్కడ ఆవిరిని లోపలనే ఆపవలెను.

సూరతున దీనికి సరిగా వ్యతిరేకము. వానకాలమున బయటి గాలియే ఆవిరితో నిండియుండును. ఇరువదియైదు డిగ్రీల ప్రాంతమునకు చల్లబడగానే అది నీరు విడువ మొదలిడును. ఏ.సీ. పెట్టుకొని మనము గదిని ఇరువదినాలుగు డిగ్రీలకు తెత్తుము. బయటి గాలి గోడ సందులనుండి వచ్చి, లోపలి జిప్సం పలక వీపును తాకి, చల్లని షర్బతు గ్లాసు చెమర్చినట్లు అక్కడ చెమర్చును. పొర లోపలివైపున నున్నచో ఆ తడి ఎటును పోవు దారిలేక అక్కడనే నిలిచి, బూజు పట్టును. ఆ బూజు ఉబ్బసపు రోగికి ధూళికంటెను చెరుపు. గది గోడ తెల్లగా నుండును. వెనుక నల్లగా నుండును. ఒకే పొర, ఒకే టేపు, ఒకే పనితనము. వేయు వైపు మారినంతమాత్రమున మందు విషమగును. వేరొక దేశపు నియమావళిని కొట్టివేత లేకుండ నకలు తీసిన ఉత్తరువులను నేను కార్యాలయములో చాల చూచితిని గాని, గోడలో చూచుట అదియే ప్రథమము.

పొరను వెలుపలి వైపునకు మార్చిరి. కమ్ముల నడుమ రాక్‌వూలు నింపిరి. చవుకగా దొరకు థర్మకోలు వేయుద మని బావగారు అడిగిరి. మేనల్లుడు అంగీకరింపలేదు. వరాఛాకు ప్రక్కనే సర్థానాలో 2019 మే 24వ తేదీన తక్షశిలా ఆర్కేడు అను భవనమున నిప్పు రేగి, పై అంతస్తులో చదువుకొనుచున్న 22 మంది విద్యార్థులు మరణించిరి. కొయ్యమెట్లు కాలిపోవుటచే దిగు దారి లేకపోయినది. పిల్లలు కిటికీలనుండి దూకిన దృశ్యములను దేశమంతయు టెలివిజనులో చూచినది. ఆ పేటలో పైగది కట్టువాడెవ్వడును దానిని మరువలేడు. రాక్‌వూలు రాతినుండి తీసిన పీచు, మండదు. మెట్లు కాంక్రీటుతో, ఇంటి వెలుపలినుండి కట్టించిరి. బావగారు ఖర్చునకు గొణిగిరి గాని మరల థర్మకోలు మాట యెత్తలేదు.

ఇంతవరకు అందరమును బుద్ధిమంతులమే. ఇక మా తెలివితక్కువను చెప్పవలసియున్నది.

వానలు పట్టినవి. నాలుగు గోడలలో మూడు పూర్తియైనవి. పడమటి గోడకు తాత్కాలికముగా మందపు పరదా కట్టి బిగించిరి. బయటి గాలిని వడపోసి లోపలికి పంపు ఫ్యాను ఇంకను రాలేదు. క్రిందిభాగమున తడి హెచ్చెనని అక్కయ్యను పై గదికి మార్చిరి. స్నానపు గదిలో గొట్టపు గ్యాసుతో మండు గీజరును బిగించిరి. గుజరాతులో అట్టివి సర్వసాధారణము. బిగించినవాడు దానిని గది లోపలనే బిగించెను. మేనల్లుడు ధూళియు తడియు రాకుండ ఆ గది వెంటిలేటరును నురుగుతో మూసియుంచెను. తలుపు క్రింద రబ్బరు పట్టీ కూడ వేసెను. అగరవత్తి పరీక్షలో ఆ గది ప్రథమశ్రేణిలో నెగ్గినది.

ఆగస్టులో ఒక ఉదయమున అక్కయ్య స్నానమునకు వెళ్ళినది. బకెట్టు నిండి పొరలు చప్పుడు కోడలికి వినబడినది. ఎంతకును ఆగలేదు. పిలిచిన పలుకలేదు. గొళ్ళెము విరుగగొట్టి చూడగా, ఆమె గోడకు చేరగిలి స్పృహ తప్పియుండెను. బావగారును కోడలును ఎత్తుకొని బయటి మెట్లపైకి తెచ్చిరి. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టిరి. మధ్యాహ్నమునకు కన్ను తెరచినది. నాకు ఫోను వచ్చిన రాత్రి రైలెక్కి, మరునాడు చేరితిని. మేనల్లుడు ఆసుపత్రి వరండాలో తల వంచుకొని కూర్చుండియుండెను. అతనితో నేనేమియు అనలేదు. అతని ప్రణాళికను ఫోనులో మెచ్చుకొన్నవాడను నేనే గదా.

జరిగినదేమనగా: మంటకు గాలి కావలెను. మూసిన గదిలో మంట మండిన కొలది ప్రాణవాయువు తగ్గును. తగ్గిన పిదప గ్యాసు పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసునకు మనము గుర్తించుటకై వాసన కలుపుదురు. దీనికి ఎవ్వరు కలుపుదురు? రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థమునకు ఇది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైబడిన బలముతో అంటుకొనును. మనిషికి ఊపిరాడనట్లు తోచదు, కొంచెము తలనొప్పి, మగత, అంతే. సందులున్న పాత తలుపే యున్నచో ఈ ఆపద బహుశః రాకపోయెడిది. ఆమె ఊపిరికై మూసిన సందే ఆమె ఊపిరిని తీయబోయినది.

అక్కయ్య రెండు దినములకు ఇల్లు చేరి, మంచముపై కూర్చుండి, కొంతసేపటికి నాతో ననెను: “తమ్మీ, నాయిన పాతర తీసినప్పుడు దీపం దించి చూసేటోడు, యాదున్నదా? నా తానం చేసే అర్రల దీపం దించినోడు ఒక్కడు లేకపాయె.”

నాకు జ్ఞప్తియున్నది. పట్టణములలో పెరిగిన పిల్లలకై చెప్పుచున్నాను: పాతర యనగా జొన్నలు దాచుటకు నేలలో త్రవ్విన గొయ్యి. అడుగునను ప్రక్కలను గడ్డి పరచి, గింజలు పోసి, పైన మన్ను మెత్తి మూయుదురు. గాలి చొరదు గనుక పురుగు పట్టదు. గాలి చొరకుండ కట్టుట మన పెద్దలకు తెలియని విద్య కాదు. వారు దానిని గింజలకు కట్టిరి, మనుష్యులకు కట్టలేదు. గింజయు ఊపిరి తీసికొనును. పాతరలో బొగ్గుపులుసు గాలి నిండును. తెరచిన వెంటనే దిగినవాడు పైకి రాడు. అందుచేత మా నాయనగారు మూత తీసి కొంతకాలము విడిచి, త్రాటికి లాంతరు కట్టి దించి, అది యారకున్నచో గాని మనిషిని దింపెడివారు కారు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలెను. ఈ లాంతరు గీజరునకు చాలదు. బొగ్గుపులుసు గాలి నిండిన చోట దీపము ఆరును. కార్బన్ మోనాక్సైడు మనిషిని చంపగల మోతాదులో నున్నను దీపము చక్కగా వెలుగుచుండును. దానిని కనిపెట్టుటకు చిన్న యంత్రము దొరకును. మోతాదు మించగానే కూతపెట్టును. ఇప్పుడు వారి యింట ఒకటి కలదు. ఢిల్లీలో మా యింటను ఒకటి కలదు.

తరువాత చేసిన మార్పులు. గీజరును స్నానపు గదినుండి తీసి, బయటి మెట్లప్రక్కన తెరపి చోట బిగించిరి. వేడినీటి గొట్టము మాత్రమే లోపలికి వచ్చును. వెంటిలేటరు నురుగును కోసివేసిరి. గాలిని వడపోసి పంపు ఫ్యాను వచ్చినది. మనిషి యొక్కనికి సెకనుకు సుమారు ఏడెనిమిది లీటర్ల క్రొత్త గాలి యుండవలెనని లెక్క. అది పంపు గాలి, బయటికి పోవు గాలికంటె కొంచెము హెచ్చుగా నుండునట్లు సరిచేసిరి. అప్పుడు మిగిలిన చిన్న సందులనుండి లోపలి పొడిగాలి బయటికి పోవును గాని, బయటి తడిగాలి లోపలికి రాదు. చలిదేశములలో ఇట్లు చేసిన గోడ తడియును, సూరతున ఆరును. ఏ.సీ. ఎంత తిప్పినను అది గదిలోని గాలినే మరల మరల చల్లబరచును గాని క్రొత్త గాలిని తేదని నాకు అప్పుడే తెలిసినది. వంటింటి చిమ్నీకిని ప్రత్యేకముగా గాలి వచ్చు దారి పెట్టిరి. బిగించిన యింటిలో చిమ్నీ వేసినచో, అది దొరికినచోటనుండి గాలిని లాగును. స్నానపు గది తూమునుండి దుర్గంధమునైనను లాగును, పొగగొట్టమునుండి విషవాయువునైనను లాగును.

మన యిండ్ల మాట. ఢిల్లీ చలిలో మూసిన గదిలో అంగీఠీ పెట్టుకొని నిదురించి మరణించినవారి వార్తలు ప్రతి శీతకాలమున చదువుచున్నాము. అదియు ఈ వాయువే. నవంబరు పొగకు భయపడి మనలో కొందరము కిటికీల సందులకు టేపు అంటించి, గాలిని శుద్ధిచేయు యంత్రమును పెట్టుకొనుచున్నాము. నేనును పెట్టితిని. అది ధూళిని పట్టును. క్రొత్త గాలిని తేదు, బొగ్గుపులుసు గాలిని తీయదు. పిల్లలు ఉదయము తలనొప్పితో లేచినచో పరీక్షల భయమని మాత్రమే అనుకొనకుడు. టేపు అంటించిన గదిలో మంటయనునది ఏ రూపముననైనను ఉండరాదు. గీజరు విద్యుత్తుదైన భయము లేదు.

ఇన్ని మాటలు విన్న పిదప, మన మండువా లోగిళ్ళే మేలు గదాయని ఎవరైన అడుగవచ్చును. ఏ.సీ. లేని యింటికి నిస్సందేహముగా అవియే మేలు. గాలిని ఆడనిచ్చి చల్లబడు యింటిని బిగించుట మూఢత్వము. బావగారి క్రింది యంతస్తును అట్లే విడిచిరి. అక్కడ ధారాళముగా గాలి, దానితోపాటు ధూళి. పై అంతస్తును యంత్రముతో చల్లబరచుచున్నారు గనుక బిగించిరి. రెండును కలిపి, ఏ.సీ. పెట్టి కిటికీ ఓరగా తెరచియుంచు పద్ధతి యొకటి మన కార్యాలయములలో కలదు. దానిని గూర్చి నేనేమియు చెప్పను. ఆ ఫైలు నాది కాదు.

అక్కయ్యకు రాత్రి దగ్గు తగ్గినది. పూర్తిగా పోలేదు. సాయంకాలము ఒక గంట కిటికీ తెరువవలసినదేనని ఆమె పట్టు. మేనల్లుడు మొదట వాదించెను గాని, ఇప్పుడు తానే వచ్చి తెరచుచున్నాడట.

పడమటి గోడ యింకను మిగిలియున్నది. కమ్ములు నిలిపిరి, నేలపట్టీ క్రింద రబ్బరు పరచిరి, వెలుపలి పొర అంటించిరి. లోపలి పలకలు నేను వచ్చువరకు బిగింపవద్దని చెప్పియున్నాను. వచ్చు నెల మొదటి వారమున సెలవు మంజూరైనది. రెండు అగరవత్తుల కట్టలును, ఒక సుద్దముక్కల పెట్టెయును ఇప్పటికే సంచిలో వేసికొంటిని.

అరగంట దాటినదని కార్యదర్శిగారు గడియారము చూపుచున్నారు.